చదరంగ వీరుడు సుల్తాన్ ఖాను

చదరంగము మన దేశమున పుట్టిన క్రీడ. రథములు, ఏనుగులు, గుఱ్ఱములు, కాలిబంట్లు అను నాలుగు అంగములు గల సేనకు చతురంగమని పేరు. ఆ పేరే ఈ క్రీడకును వచ్చినది. సుమారు 1,400 సంవత్సరముల క్రిందట ఇది ఇచ్చటినుండి పారసీక దేశమునకు పోయి, అటనుండి అరబ్బుల మూలమున యూరపు ఖండమును చేరినది. పదునైదవ శతాబ్దము కడపట యూరపువారు దాని నియమములను మార్చి, మంత్రికిని శకటునకును ఎక్కువ నడకను కల్పించి, ఆటను వేగవంతము చేసిరి. పిమ్మట అచ్చుయంత్రము వ్యాపించుటతో ఆట నేర్చినవారు తమ అనుభవమును గ్రంథములుగా ప్రకటించిరి. ఒక తరమువారు కష్టపడి కనుగొన్న యుక్తులు మరుతరమువారికి పుస్తకరూపమున సులభముగా లభించెను. మన దేశమునందు మాత్రము చదరంగము చాలవరకు ఇండ్ల అరుగుల మీదను, రచ్చబండల కడను, సంపన్నుల లోగిళ్లలోను కంటితో చూచి నేర్చుకొను విద్యగానే నిలిచియుండెను.

అట్టి కాలమున పంజాబు దేశపు పల్లెటూరినుండి బయలుదేరి, ఆ గ్రంథముల అండ లేకయే యూరపు వీరుల నెదుర్కొని, మూడు పర్యాయములు బ్రిటిష్ విజేతగా నిలిచిన మహామేధావి సుల్తాన్ ఖాను. అయిదేండ్లు నిండకుండగనే అతని విజయయాత్ర ముగిసినది. ఆ స్వల్పకాలములో అతడు సాధించినది ఎంతటిదో, సాధింపగలిగియు సాధింపలేకపోయినది ఎంతటిదో తెలిసికొనుట విజ్ఞానప్రియులకు మిక్కిలి ఆవశ్యకము.

జననము - బాల్యము

పంజాబులో సర్గోధా పట్టణమునకు చేరువనున్న ప్రాంతమున మిఠా టివానా అను గ్రామము కలదు. అది నేడు పాకిస్తానులోని ఖుషాబు జిల్లాకు చెందినది. సుల్తాన్ ఖాను ఆ గ్రామమున జన్మించెను. అతని జన్మసంవత్సరము 1905 అని పూర్వపు గ్రంథములు పేర్కొనగా, 1903 అని అతని కుటుంబీకులు చెప్పుదురు. అవాన్ తెగకు చెందిన వారి వంశము భూవసతి కలిగి, మతగురువులుగా ఆ ప్రాంతమున గౌరవము పొందిన వంశము.

తండ్రి మియాన్ నిజాముద్దీన్ చదరంగమున మంచి నేర్పరి. తొమ్మిదేండ్ల ప్రాయమున సుల్తాన్ ఖాను తండ్రి యొద్దనే ఆట నేర్చుకొనెను. ఆనాడతడు నేర్చినది మన దేశమున పరంపరగా వచ్చుచున్న రీతి. నాటి పంజాబులో ఈ ఆటపై మక్కువ గలవారు పెక్కుమంది యుండిరి. వారితో ఆడి ఆడి, గెలుపోటములనే గురువులుగా చేసికొని, ఇరువదియొక్క సంవత్సరముల వయస్సు వచ్చునప్పటికి పంజాబులోని ఆటగాండ్రందరిలోను మేటియని అతడు పేరు పొందెను.

రెండు రీతుల చదరంగము

సుల్తాన్ ఖాను సాధించిన దాని విలువ తెలియవలెనన్న, దేశీయపు ఆటకును యూరపు ఆటకును గల భేదమును కొంచెము తెలిసికొనవలెను. బల్ల ఒక్కటే, 64 గడులు. పావులును అవియే, పక్షమునకు 16. కాని నడకలో కొన్ని తేడాలు కలవు. దేశీయ నియమములు ప్రాంతమును బట్టి మారుచుండెను గాని, ముఖ్యమైన భేదములు ఇవి. యూరపు రీతిలో బంటు మొదటిసారి కదలునప్పుడు రెండు గడులు ముందునకు పోవచ్చును. దేశీయ రీతిలో ఒక్క గడి మాత్రమే పోవలెను. యూరపు రీతిలో రాజును ఏనుగును ఒకే ఎత్తులో కదలించి రాజును మూలకు చేర్చి కోట కట్టుకొను సదుపాయము కలదు. దేశీయ రీతిలో అది లేదు, దానికి మారుగా రాజు ఒక్కసారి గుఱ్ఱమువలె దుమికి పోవచ్చును. బంటు ఆవలి అంచును చేరినప్పుడు యూరపు రీతిలో సాధారణముగా మంత్రిగా మారును. దేశీయ రీతిలో ఏ వరుసలో చేరినదో ఆ వరుసకు చెందిన పావుగా మాత్రమే మారును.

చూచుటకు ఇవి స్వల్పభేదములుగా తోచును. కాని వీనివలన ఆట స్వభావమే మారిపోవును. దేశీయ రీతిలో సేనలు మెల్లగా కదలును. రెండు పక్షములును తమ తమ వ్యూహములను నిదానముగా నిర్మించుకొన్న పిదపనే యుద్ధము మొదలగును. యూరపు రీతిలో నాలుగైదు ఎత్తులకే సేనలు ఢీకొనును. తొలి పది పదునైదు ఎత్తులలో ఒక్కటి తప్పినను ఆట చేజారిపోవచ్చును. ఈ కారణముచేత యూరపువారు ఆట తొలిభాగమును శతాబ్దముల తరబడి పరిశోధించి, ఏ ఎత్తునకు ఏ ఎత్తు బదులో గ్రంథములలో వివరించిరి. అచ్చటి ఆటగాడు పోటీకి కూర్చుండునప్పుడు అతని వెనుక ఆ గ్రంథరాశి అంతయు నిలిచియుండును. సుల్తాన్ ఖాను కూర్చుండునప్పుడు అతని వెనుక ఉన్నది అతని బుద్ధిబలము మాత్రమే.

సర్ ఉమర్ హయత్ ఖాను ఆశ్రయము

ఆ ప్రాంతమున సర్ ఉమర్ హయత్ ఖాన్ టివానా అను గొప్ప భూస్వామి యుండెను. సర్గోధా సమీపమున కాల్రా అనునది ఆయన సంస్థానము. ఆయన సైన్యమున ఉన్నత గౌరవము పొందినవాడు. ఆంగ్ల ప్రభుత్వమునకు మిక్కిలి ఆప్తుడు. ఆయనకు చదరంగముపై మిక్కుటమైన అభిమానము. సుల్తాన్ ఖాను ప్రతిభను గుర్తించి, అతనికి వసతిని, భోజనమును, వేతనమును ఏర్పరచి, కాల్రాలో ఒక చదరంగపు జట్టును తీర్చిదిద్దు పని అప్పగించెను. యూరపు రీతి ఆటను నేర్పించినదియు ఆయనయే. అప్పటికే యువకుడైన సుల్తాన్ ఖాను, బాల్యమునుండి చేతికి అలవడిన నియమములను ప్రక్కన బెట్టి, క్రొత్త నియమములను అభ్యసింపవలసి వచ్చెను.

1928లో అఖిల భారత చదరంగపు పోటీ జరిగెను. క్రొత్త రీతిని నేర్చి అనతికాలమే అయినను, సుల్తాన్ ఖాను తొమ్మిది ఆటలలో ఎనిమిదింటిని గెలిచి, ఒక దానిని సమముగా ముగించెను. ఒక్క ఆటయు ఓడలేదు. ఈ విజయముతో అతడు అఖిల భారత విజేత అయ్యెను. ఇట్టివానిని యూరపు వీరులతో పోరించి చూడవలెనను కోరిక సర్ ఉమర్ నకు కలిగెను. ఆయన రాచకార్యములపై లండనులో నివసింపవలసి యుండుటచే అందులకు అవకాశము కూడ చిక్కెను.

లండను నగరమున

1929 వసంతకాలమున సుల్తాన్ ఖాను సర్ ఉమర్ వెంట లండను చేరెను. అతనికి అభ్యాసము కలుగుటకై అచ్చట ఒక చిన్న పోటీని ఏర్పాటు చేసిరి. అందులో ఇంగ్లండునందలి ప్రసిద్ధ ఆటగాండ్రైన ఫ్రెడరిక్ యేట్స్, విలియం వింటర్ అనువారు పాల్గొనిరి. ఫలితము నిరుత్సాహకరముగా నుండెను. అఖిల భారత విజేత కడపటి స్థానమును మరియొకనితో పంచుకొనవలసి వచ్చెను. అతని మేధ కొరవడినదని కాదు. ఆట తొలిభాగమున యూరపువారు కంఠస్థముగా నెరిగిన ఎత్తులను అతడు బల్లవద్ద కూర్చుండి, కాలము వెచ్చించి, ఒక్కొక్కటిగా తానే కనుగొనవలసి వచ్చెను. కనుగొనునంతలో ఆట చిక్కులో పడుచుండెను.

అతనికి ఇంగ్లీషు స్వల్పముగా మాత్రమే తెలియును. చదరంగ గ్రంథములన్నియు ఇంగ్లీషు, జర్మను మొదలగు భాషలలోనే యుండెను. అవి అతనికి తాళము వేసిన పెట్టెల వంటివి. యేట్స్, వింటర్ లు ఈ కొరతను గ్రహించిరి. తమతో పోటీకి రానున్నవాడను అసూయ లేక, వారిరువురును అతనితో కూర్చుండి, ఆడి, తొలి ఎత్తుల మర్మములను చూపిరి. యేట్స్ అప్పటికే పలుమారులు బ్రిటిష్ విజేతయై యుండెను. ప్రతిద్వంద్వికి విద్యాదానము చేసిన ఆ ఇరువురి ఔదార్యము స్మరింపదగినది.

ఆ వేసవిలో రామ్స్‌గేట్ అను సముద్రతీర పట్టణమున బ్రిటిష్ చదరంగ విజేత పదవికై పోటీలు జరిగెను. బ్రిటిష్ సామ్రాజ్య ప్రజలెవరైనను అందులో పాల్గొనవచ్చును. కొద్ది నెలల క్రిందట కడపటి స్థానమున నిలిచిన సుల్తాన్ ఖాను ఆ పోటీలో ప్రథముడుగా వచ్చి అందరిని ఆశ్చర్యచకితులను జేసెను. భారతీయులు సంపూర్ణ స్వరాజ్యమును కోరబోవుచున్న ఆ సంవత్సరముననే పాలితుడైన ఒక భారతీయుడు పాలకుల దేశమున, పాలకుల ఆటలో, విజయపీఠము నధిష్ఠించెను. పిమ్మట అతడు స్వదేశమునకు వచ్చి కొంతకాలముండి, 1930 మే నెలలో తిరిగి యూరపునకు పోయెను.

జగజ్జెట్టిలతో పోరు

ఆ రెండవ యాత్రలోనే సుల్తాన్ ఖాను ప్రతిభ సంపూర్ణముగా వెల్లడియైనది. 1930లో హాంబర్గు నగరమున జరిగిన చదరంగపు ఒలింపియాడులో అతడు ఇంగ్లండు జట్టు పక్షమున మొదటి బల్ల మీద ఆడెను. జట్టులో అందరికంటె బలవంతుడు మొదటి బల్ల మీద ఆడుట ఆచారము. ప్రతి దేశపు ప్రథమవీరుడును అతనికే ఎదురుపడును. సుల్తాన్ ఖాను 17 ఆటలాడి 9 గెలిచి, 4 సమము చేసి, 4 ఓడెను. అదే సంవత్సరము బెల్జియములోని లియేజ్ నగరమున జరిగిన పోటీలో టార్టకోవర్ ప్రథముడు కాగా, సుల్తాన్ ఖాను ద్వితీయుడుగా నిలిచెను.

ఆ సంవత్సరాంతమున ఇంగ్లండులోని హేస్టింగ్స్ పట్టణమున ఏటేట జరుగు పోటీలు ప్రారంభమయ్యెను. అందులకు క్యూబా దేశీయుడైన కాపాబ్లాంకా విచ్చేసెను. 1921 నుండి 1927 వరకు ఆయన జగద్విజేత. 1916 నుండి 1924 వరకు ఎనిమిది సంవత్సరముల కాలములో పోటీలయందు ఒక్క ఆటయైనను ఓడనివాడు. అట్టివానితో సుల్తాన్ ఖాను తెల్లపావులు పట్టి ఆడెను. ఆట నడుమ కాపాబ్లాంకా తన రెండు ఏనుగులను ముందుకు నడిపి రాజును ముట్టడించెను. సుల్తాన్ ఖాను తొట్రుపాటు చెందక, తన మంత్రిని విడిచి ఆ రెండు ఏనుగులను పట్టుకొనెను. అటుపిమ్మట ఎదుటివాని మంత్రికి పని కల్పింపక, తన రాజును బంట్ల చాటున భద్రపరచి, అడుగడుగునను బిగించుచు వచ్చెను. 65 ఎత్తులకు కాపాబ్లాంకా ఓటమి నంగీకరించెను. చదరంగ చరిత్రలో ఈ ఆటకు శాశ్వతస్థానము లభించినది.

ఈ ఆటలో మరియొక విశేషము కలదు. ప్రారంభమున సుల్తాన్ ఖాను తన ఎడమ అంచునందలి బంటును ఒక్క గడి ముందుకు జరిపెను. ఎదుటి శకటు వచ్చి గుఱ్ఱమును కట్టివేయకుండ అది ముందుజాగ్రత్త. నాడది నెమ్మది ఎత్తుగా మాత్రమే తోచియుండును. అట్టి ఎత్తుతో కూడిన వ్యూహమే పిమ్మట 1963లో జగద్విజేతయైన పెట్రోసియాన్ పేర చదరంగ గ్రంథములలో ప్రసిద్ధికెక్కెను. గ్రంథములను చదువజాలని వాని చేతి ఎత్తు ఇట్లు గ్రంథములలోని విషయమయ్యెను.

హేస్టింగ్స్ పోటీలో యూవే, కాపాబ్లాంకాల తరువాత సుల్తాన్ ఖాను మూడవవాడుగా నిలిచెను. హాలెండు దేశీయుడగు యూవే 1935లో జగద్విజేత కాగలిగిన మహావీరుడు. 1931 జనవరిలో సుల్తాన్ ఖాను టార్టకోవరుతో 12 ఆటల ద్వంద్వయుద్ధము చేసి, 4 గెలిచి, 3 ఓడి, 5 సమము చేసి జయము పొందెను. లియేజ్ నగరమున తనను మించినవానిని కొద్ది నెలలలోనే అతడు మించెను.

అదే సంవత్సరము ప్రేగు నగరమున జరిగిన ఒలింపియాడులో అతడు మరల మొదటి బల్ల మీద ఆడి 8 గెలిచి, 7 సమము చేసి, 2 మాత్రమే ఓడెను. అచ్చట అతని చేత ఓడినవారిలో చెకొస్లొవేకియా వీరుడు ఫ్లోర్, పోలండు వీరుడు రూబిన్‌స్టైన్ కలరు. నాటి జగద్విజేతయైన అలెఖిన్ తోడి ఆట సమముగా ముగిసెను. 1932లో లండనున జరిగిన గొప్ప పోటీలో అలెఖిన్, ఫ్లోర్ ల తరువాత అమెరికా వీరుడు కాష్డనుతో కలిసి మూడవ స్థానమును పంచుకొనెను. ఆ సంవత్సరమే ఫ్లోరుతో ఆరు ఆటల ద్వంద్వమున ఒకటి గెలిచి, రెండు ఓడి, మూడు సమము చేసి స్వల్పముగా వెనుకబడెను.

1932లో లండనునందును, 1933లో హేస్టింగ్స్ నందును జరిగిన బ్రిటిష్ పోటీలలో అతడు తిరిగి విజేత అయ్యెను. ఈ విధముగా 1929, 1932, 1933 సంవత్సరములలో మూడు పర్యాయములు ఆ పదవి అతనిని వరించినది. 1933లో హేస్టింగ్స్ నందే స్త్రీల పోటీలో గెలుపొందినది కూడ భారతీయ వనితయే. ఆమె పేరు ఫాతిమా. సర్ ఉమర్ పరివారమునకే చెందినది. ఒకే సంవత్సరమున, ఒకే యింటినుండి వచ్చిన పురుషుడును, స్త్రీయును బ్రిటిష్ విజేతలగుట అపూర్వ సంఘటన.

ఆట తీరు - దేహస్థితి

సుల్తాన్ ఖాను బల్లవద్ద నిశ్చలుడుగా కూర్చుండెడివాడు. గెలుచుచున్నను, ఓడుచున్నను అతని ముఖమున మార్పు కానవచ్చెడిది కాదు. ఆట తొలిభాగమున అతని స్థితి తరచుగా ఎదుటివానికంటె తక్కువగా నుండెడిది. గ్రంథజ్ఞానము గలవారికి సహజముగా లభించు లాభము అది. కాని పావులు తగ్గి, జ్ఞాపకశక్తి పని ముగిసి, స్వయముగా ఆలోచింపవలసిన ఘట్టము రాగానే ఆట అతని వశమగుచుండెను. కొద్ది పావులతో నడచు కడపటి భాగమున అతని నేర్పు అసామాన్యము. ఇక పోయినదనుకొన్న ఆటను ఓర్పుతో కాపాడుటలో అతనికి సాటివారు అరుదు. నెమ్మదిగా వ్యూహము కట్టు దేశీయపు ఆట బాల్యమున నేర్పిన సహనమే ఇందులకు మూలమని చెప్పవచ్చును.

అతనికి ఎదుటి పక్షమున మరియొక శత్రువు కూడ యుండెను. అది ఇంగ్లండు శీతలము. వేడిమి గల పంజాబు మైదానములలో పెరిగిన దేహమునకు ఆ తేమగాలి సరిపడలేదు. మలేరియా, పడిసెము, జ్వరము, గొంతు వాపు అతనిని తరచుగా బాధించెను. మెడచుట్టును గుడ్డలు చుట్టుకొనియే అతడు అనేక పోటీలకు వచ్చుచుండెను. జగజ్జెట్టిలతో ఆడిన ఆటలలో కొన్ని ఇట్టి అనారోగ్యముతో ఆడినవే యని గుర్తుంచుకొనవలెను.

సేవకుడా, అతిథియా?

సుల్తాన్ ఖానును గూర్చి పాశ్చాత్య గ్రంథములలో ఒక కథ వ్యాపించియున్నది. అతడు అక్షరజ్ఞానము లేని సేవకుడనియు, యజమాని ఆనందమునకై ఆడినవాడనియు దాని సారాంశము. 1933లో ఫోక్‌స్టన్ నగరమున ఒలింపియాడు జరిగిన కాలమున, అమెరికా జట్టువారిని సర్ ఉమర్ తన లండను గృహమునకు విందునకు పిలిచెను. అచ్చట సుల్తాన్ ఖాను తమకు వడ్డన చేసెననియు, అంతటి వీరుని చేత వడ్డన చేయించుకొనుట తమకు మిగుల సంకోచము కలిగించెననియు ఆ జట్టులోని రూబెన్ ఫైన్ తరువాత వ్రాసెను.

అతని వంశీయులు ఈ కథను అంగీకరింపరు. అతడు భూవసతి గల గౌరవకుటుంబమున పుట్టినవాడనియు, చదువను వ్రాయను తెలిసినవాడనియు, సేవకుడన్న మాట సరికాదనియు వారు చెప్పుదురు. వడ్డించుటను బట్టి మనిషి స్థానమును నిర్ణయించుట మన దేశాచారమెరిగిన వారికి తగినదిగా తోచదు. పెద్దలయింట విందు జరిగినపుడు ఆ యింటి యువకులు స్వయముగా వడ్డించుట ఇచ్చట మర్యాదయే గాని దాస్యము కాదు. ఒకరి కన్నులకు కనబడిన దృశ్యము ఒకటే అయినను, దాని అర్థము చూచువాని దేశమును బట్టి మారుచుండును.

అయినను ఒక విషయము నిర్వివాదము. ఓడ ప్రయాణపు వ్యయము, లండను నివాసము, పోటీలకు ప్రవేశము, ఇవి యన్నియు సర్ ఉమర్ ఆధారముననే నడచెను. ఆయన యుండినంతకాలము సుల్తాన్ ఖాను ఉండగలిగెను. ఆయన మరలినప్పుడు మరలవలసి వచ్చెను. ఆయన ఆదరమే లేనిచో సుల్తాన్ ఖాను పేరు పంజాబు సరిహద్దులు దాటియుండెడిది కాదు. ఆ ఆదరమును మించిన స్వతంత్రాధారము లేకపోవుటచేతనే అతని యాత్ర నడుమనే నిలిచిపోయెను. మేలును పరిమితియు ఒక్క మూలమునుండియే వచ్చినవి.

స్వదేశాగమనము

1933 డిసెంబరులో సర్ ఉమర్ తో కూడ సుల్తాన్ ఖాను భారతదేశమునకు మరలెను. అప్పటికతడు ముప్పదియేండ్ల ప్రాయము దాటనివాడో, అప్పుడే దాటుచున్నవాడో. ప్రపంచమందలి మొదటి పదిమంది ఆటగాండ్రలో అతనిని లెక్కింపవచ్చునని చదరంగ చరిత్రకారుల అభిప్రాయము. సాధారణముగా ఆటగాని బలము పరిపక్వమగు వయస్సు అది. ఆ వయస్సుననే అతడు పోటీలను విడిచెను. ఇంగ్లండు వీడి స్వదేశము చేరగానే చెరనుండి విడుదలయైనట్లు అతడు సంతోషించెనని ఫాతిమా తెలిపియున్నది. కీర్తి లభించిన తావున దేహమునకు సుఖము లేదు. దేహమునకు సుఖమున్న తావున ఆటకు తగిన పోటీ లేదు.

1935లో అతడు ఖాడిల్కర్ అను భారతీయ ఆటగానితో పది ఆటలాడి, తొమ్మిది గెలిచి, ఒకటి సమము చేసెను. బలము తగ్గలేదని ఇది నిరూపించినది. కాని పిమ్మట అతని పేరు ప్రపంచ చదరంగమున వినబడలేదు. 1944లో సర్ ఉమర్ మరణించెను. 1947లో దేశవిభజన జరిగి సర్గోధా ప్రాంతము పాకిస్తానులో చేరెను. సుల్తాన్ ఖాను పూర్వులనుండి వచ్చిన భూములలో వ్యవసాయము చేయించుకొనుచు, అయిదుగురు కుమారులను, ఆరుగురు కుమార్తెలను పెంచి, గృహస్థజీవితము గడపెను. తన బిడ్డలకు మాత్రము అతడు చదరంగమును నేర్పుటకు ఇష్టపడలేదు. జీవితమున అంతకంటె ఉపయోగకరమైన పని చేయవలసినదిగా వారికి బోధించెనట. కాపాబ్లాంకాను ఓడించినవాడు కన్నబిడ్డల చేతికి పావు నీయ నిరాకరించుటలో ఎంతటి అనుభవము దాగియున్నదో పాఠకులు ఊహింపవచ్చును.

ఆలస్యముగా వచ్చిన గౌరవము

1950లో అంతర్జాతీయ చదరంగ సమాఖ్య మొదటిసారిగా 27 మందికి గ్రాండ్ మాస్టర్ బిరుదము నొసగెను. సుల్తాన్ ఖాను చేత ఓడిన టార్టకోవర్, ఫ్లోర్, రూబిన్‌స్టైన్ అను మువ్వురును ఆ పట్టికలో గలరు. రూబిన్‌స్టైన్ పోటీలు విడిచి అప్పటికి చాలాకాలమైనను, పూర్వవిజయములను బట్టి అతనిని గౌరవించిరి. సుల్తాన్ ఖాను పేరు మాత్రము ఆ పట్టికకు ఎక్కలేదు. ఏ బిరుదమును లేకుండగనే అతడు 1966 ఏప్రిల్ 25వ తేదీన సర్గోధాలో క్షయవ్యాధితో కన్నుమూసెను.

అతని ఆటలు మాత్రము మరణింపలేదు. వానిని సంపుటీకరించి ఆర్. ఎన్. కోల్స్ అను ఆంగ్ల రచయిత 1965లోనే ఒక గ్రంథమును వెలువరించెను. ఆ ఎత్తులను చూచి అభ్యసించిన వారు దేశదేశముల కలరు. అతడు మరణించిన 58 సంవత్సరములకు, 2024 ఫిబ్రవరిలో, అంతర్జాతీయ సమాఖ్య అతనికి గౌరవ గ్రాండ్ మాస్టర్ బిరుదము ప్రకటించెను. 1950లో జరిగిన లోపము ఈ విధముగా ఆలస్యముగానైనను సవరింపబడినది.

ఉపసంహారము

సుల్తాన్ ఖాను స్వదేశమునకు మరలిన 55 సంవత్సరములకు, 1988లో, విశ్వనాథన్ ఆనంద్ భారతదేశమునకు మొదటి గ్రాండ్ మాస్టరు అయ్యెను. పిమ్మట మన తెలుగునాటినుండి గుంటూరు వాసి పెంటేల హరికృష్ణ 2001లోను, గుడివాడ ఆడపడుచు కోనేరు హంపి 2002లోను ఆ బిరుదము పొందిరి. 2024లో బుడాపెస్టున జరిగిన ఒలింపియాడులో భారతదేశపు పురుషుల జట్టును, స్త్రీల జట్టును రెండును స్వర్ణపతకములు గెలిచినవి. వీరందరికిని బాల్యముననే గ్రంథములు, గురువులు, పోటీలు లభించెను. సుల్తాన్ ఖానునకు లభింపనివి అవియే.

పల్లెటూళ్లలో మేధ లేదని అనువారికి అతని జీవితము సమాధానము. మేధ ఒక్కటియే చాలునని అనువారికి కూడ అతని జీవితమే సమాధానము. మనుష్యుని బుద్ధి ఎక్కడనైనను పుట్టును. మిఠా టివానాలో పుట్టినట్లే మరియొక పల్లెలోను పుట్టును. కాని పూర్వులు సంపాదించిన విద్య వాని చేతికి అందని యెడల, అందరును ఎరిగినదానిని తిరిగి కనుగొనుటకే ఆ బుద్ధి సగము వ్యయమగును. ఒక్క దాత దయపై ఆధారపడిన విద్య ఆ దాతతోడనే ఊరు విడిచిపోవును. ఊరందరిదియై, ఎల్లవారికి తలుపు తెరచియుండు పుస్తకభాండారము అట్లు పోదు. తన భాషలో ఒక్క చదరంగ గ్రంథమైనను చదువుకొను భాగ్యము సుల్తాన్ ఖానునకు కలిగియున్నచో అతడు ఇంకను ఎంత ఎత్తునకు పోయెడివాడో ఎవరును చెప్పజాలరు. అది లేకయే అతడు చేరిన ఎత్తు ఎంతటిదో మాత్రము చరిత్రలో నిలిచియున్నది.